మొక్కజొన్నలో ఐదు ఖరీఫ్‌లు: మూడో వంతు కలుపు మందు, ఒక సైకిల్ గుంటక

గుణుపురం దగ్గర వంశధార పక్కన మాకు మూడెకరాల ఎర్ర గరప నేల ఉంది. ఖరీఫ్‌లో మొక్కజొన్న, అది కోశాక తడి ఉంటే మినుము. కలుపు అంటే విత్తిన మర్నాడు అట్రజిన్ అనే కలుపు మందు కొట్టేయడమే అనుకునేవాణ్ణి. తేలిక నేలకి ఎకరాకు 800 గ్రాములు చాలని అందరూ చెప్పినా, "ఇంకో పిడికెడు వేస్తే ఏం పోతుంది" అనే రకం నేను.

పోయింది మినుము. మొలిచిన కొన్నాళ్లకి తలగట్టు వెంబడి ఆకులు అంచుల నుంచి పసుపెక్కి మాడాయి. సరిగ్గా స్ప్రేయర్ వెనక్కి తిప్పుకునే చోట్లు అవి, మందు రెండుసార్లు పడే చోట్లు. పొలానికి దిగువనే మేం తాగే బావి ఉంది. భూగర్భ జలాల్లో తేలుతోందనే కారణంతో ఐరోపా 2004లో అట్రజిన్‌ను పక్కన పెట్టిందని ఆ తర్వాత తెలిసింది. అప్పుడు పట్టింది అసలు టెన్షన్.

మందు మానలేదు, తగ్గించాను. సాళ్ల మధ్య 60 సెంటీమీటర్లు ఉంటుంది కదా, మందు సాలు మీద 20 సెంటీమీటర్ల పట్టీగా మాత్రమే కొడతాను. మిగతాది సైకిల్ గుంటక పని, అంటే చక్రానికి బ్లేడు బిగించి చేత్తో తోసే గుంటక. మొదటి ఏడాది ఇక్కడే పప్పులో కాలేశాను. మూడో వంతు మందు అనగానే ట్యాంకులో పొడి తగ్గించేశాను, గడ్డి హాయిగా లేచింది. 200 లీటర్లకి 800 గ్రాములంటే 16 లీటర్ల ట్యాంకుకి 64 గ్రాములు. అది మారకూడదు. ట్యాంకులు తగ్గాలి: ఎకరాకి పన్నెండున్నర పోసే చోట నాలుగు, ఆ పైన కాస్త. ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్ పెట్టి, నేలకి జానెడు లోపు ఎత్తులో పట్టుకుని నడవాలి. నడుం పట్టేస్తుంది. నేల తడిగా లేకపోతే ఆ కష్టమూ దండగే.

ఇంకో అలవాటు, తొలి వానకే విత్తకపోవడం. ఆ వానకి లేచిన కలుపును పైపైన గుంటక తోలి చంపి, తర్వాతే విత్తుతాను. చుట్టుపక్కల వాళ్ల చేలు మొలిచేసి ఉంటే మనం ఖాళీ దుక్కి చూసుకుంటూ కూర్చోవడం తేలిక కాదు. "పుష్కరాలకి విత్తుతావా బాబూ?" అని మావయ్య ఎన్నిసార్లన్నాడో.

సైకిల్ గుంటక సంగతి. 15వ రోజు ఒకసారి, నెల లోపు ఇంకోసారి, ఆ వెంటనే మొదళ్లకి మట్టి ఎగదోయడం. మొదటి నెలా నెలన్నర కలుపును అణిచిపెడితే తర్వాత మొక్కజొన్న నీడే చూసుకుంటుంది. నేల పదునులో, అంటే తడి సరిపడా ఉన్నప్పుడు తోస్తే బ్లేడు వెన్నలోకి దిగినట్టు వెళ్తుంది. రోజుకి అర ఎకరం నా లెక్క. పదును దాటి గట్టిపడితే బ్లేడు ఎగురుతుంది, బురదైతే మట్టి ముద్ద పట్టి చక్రమే తిరగదు. మొక్క మొదట్లో గడ్డిని అది అందుకోలేదు, అక్కడ చెయ్యే గతి. ఎకరాకి పన్నెండు మంది ఆడకూలీలు పట్టేది, ఇప్పుడు నలుగురు. ఐదేళ్లలో బ్లేడు రెండుసార్లు మార్చాను. బోల్టులు మాత్రం ప్రతి సాలు చివరా బిగించి చూసుకోవాల్సిందే. కొన్నచోట అడిగితే "అది అంతే" అన్నారు.

మూడో ఏడు అర ఎకరంలో సాళ్ల మధ్య బొబ్బర్లు వేశాను. నేల కప్పుకుంటే గునుగు, గలిజేరు తగ్గుతాయని. తగ్గాయి కూడా. కానీ పెద్ద వానకి పట్టీలో అట్రజిన్ పక్కకి జారి, సాలు వైపు బొబ్బర్లు మాడిపోయాయి. పప్పుజాతికి అట్రజిన్ పడదని తెలిసీ చేసిన తప్పు. ఇప్పుడు ఆ ముక్కలో పెండిమిథాలిన్ అనే వేరే కలుపు మందు వాడుతున్నాను.

నాలుగో ఏడు జులైలో ముసురు పదిరోజులు వదల్లేదు. గుంటక చేలో దిగలేదు. గడ్డి మూడాకులు దాటకముందే, మొలిచిన కలుపును చంపే టెంబోట్రయోన్ మందు ఎకరాకి 115 మిల్లీలీటర్లు, దాంతో వచ్చే జిగురు మందు కలిపి కొట్టాల్సి వచ్చింది. బొబ్బర్లున్న అర ఎకరంలో అదీ కుదరదు, మొత్తం చేత్తో తీయించాం. ఆ ఏడు మిగిలిందేమీ లేదు. మిగతా ఏళ్లలో దిగుబడి తగ్గలేదు, పెరిగిందని చెప్పను. మినుము మాత్రం తలగట్టు దాకా పచ్చగా నిలుస్తోంది.

తుంగ దగ్గర ఓడిపోయాను. కింది పావు ఎకరంలో గుంటక తోలేకొద్దీ గడ్డలు తెగి పక్క సాళ్లకి పాకాయి. "తుంగని కోస్తే చుట్టాలకి కబురెట్టినట్టే" అని మావయ్య ముందే అన్నాడు. అట్రజిన్ దానికి లెక్కలేదు. పోయినేడు ఆ ముక్కకి మాత్రం తుంగ మీద పనిచేసే హాలోసల్ఫ్యూరాన్ మందు కొట్టాను, ఎకరాకి 36 గ్రాముల లెక్కన. ఆకు పండిపోయింది, ఈ వేసవి దుక్కిలో గడ్డలు తగ్గినట్టే కనిపించాయి. ఈసారి ఆ ముక్కలో గుంటక దించను.