ఫెయిర్‌బ్యాంక్స్ చలిలో కుళాయి లేని రాత్రులు

గది బుక్ చేసేటప్పుడు ‘డ్రై క్యాబిన్’ అని చూసి, లోపల చెమ్మ ఉండదు కాబోలు అనుకున్నాను. కుళాయి ఉండదని అర్థమట. అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ చుట్టుపక్కల ఇలాంటి ఇళ్లు కొల్లలు. నేల అడుగున ఎన్నడూ కరగని మంచు ఉన్నచోట బావి తవ్వడం, గొట్టాలు వేయడం తలకు మించిన భారం. అందుకే కరెంటు ఉన్నా నీళ్లు లేని ఇళ్లలో చాలామంది నిక్షేపంగా కాపురాలు చేస్తున్నారు.

మేమిద్దరం వెళ్లింది డిసెంబర్ మూడో వారంలో. పగలు నాలుగు గంటలైనా ఉండని రోజులవి. మొదటి మూడు రాత్రులు ఊరికి దగ్గరలోని డ్రై క్యాబిన్‌లో గడిపాం. ఊళ్లో నీళ్లు పట్టుకునే చోటుకు వెళ్లి, 19 లీటర్ల డబ్బాలు నింపి కారులో తెచ్చుకోవాలి. తేవడం కన్నా పారబోయడమే పెద్ద పని. సింకు కింద గొట్టం ఉండదు, బకెట్ ఉంటుంది. అది నిండిన సంగతి రెండో రాత్రి నా మేజోళ్లు తడిశాక తెలిసింది. మరుగుదొడ్డి బయట, చెట్ల మధ్య. దాని సీటు మాత్రం మందపాటి ఫోముది. మైనస్ 30 డిగ్రీల్లో కూర్చున్నా ఒంటికి చల్లగా తగలదు. ఈ యాత్ర మొత్తంలో నేను మనసారా మెచ్చుకున్న వస్తువు అదే.

విసిగించింది కారు. ఇక్కడి కార్ల ముందు భాగంలో ఇంజన్ హీటరు తీగ ఒకటి వేలాడుతుంది, గడ్డకట్టే రాత్రుల్లో దాన్ని ప్లగ్గుకు తగిలించాలి. కారు అద్దెకిచ్చినవారు ఆ ముక్క చెప్పలేదు. పొద్దున తాళం తిప్పితే ఇంజన్ ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది. పక్క క్యాబిన్ ఆయన వచ్చి తీగ చూపించి, నవ్వు ఆపుకుంటూ వెళ్లిపోయాడు. ఆయనే చెప్పిన మరో మాట: చలిగాలి బరువు, లోయలో పేరుకుంటుంది, గాలి కదలని రోజున కొండమీది ఇల్లే వెచ్చన. బస వెతికేవారు ఊరికి ఎంత దూరమని కాదు, ఎంత ఎత్తులో ఉందని అడగాలి.

నాలుగో రాత్రి అక్కడి చీనా (Chena) నది వెంట అడవిలో, రాష్ట్ర పార్కుల శాఖ అద్దెకిచ్చే క్యాబిన్. కరెంటు కూడా లేదు. కట్టెల పొయ్యి, పడుకోవడానికి కిందా పైనా చెక్క బల్లలు, నాలుగు గోడలు. పరుపు, కట్టెలు, గొడ్డలి అన్నీ మనవే. మేము తెచ్చిన చిన్న స్టవ్ దండగ. అందులోని బ్యూటేన్ గ్యాసు సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది. ఇక మంచు కరిగించుకోవాల్సిందే. గిన్నెలో ముందు కాసిని నీళ్లు పోయకపోతే మంచు మాడు వాసన వస్తుంది! పొడిపొడిగా రాలిన మంచు గిన్నెడు కరిగితే అడుగున గుక్కెడు మిగులుతుంది. పై బల్ల మీద పడుకున్న నాకు చెమటలు పట్టాయి, కింద నేల మీద పెట్టిన నీళ్ల సీసా గడ్డకట్టింది. మూడు గంటలకోసారి లేచి పొయ్యిలో దుంగ వేయకపోతే ఆ పై బల్ల మీది వెచ్చదనమూ మిగలదు. సేవల సంగతి అడిగితే ఏమీ లేవు. అయినా ముందు దిగినవారు చీల్చి పెట్టి వెళ్లిన బర్చ్ చెట్టు పుల్లలు పొయ్యి పక్కన కనిపించినప్పుడు కలిగిన కృతజ్ఞత ఏ హోటల్లోనూ కలగలేదు.

చివరి రాత్రి చీనా వేడినీటి బుగ్గల దగ్గర విడిది. ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి సుమారు 60 మైళ్లు వెళితే రోడ్డు అక్కడితో ఆగిపోతుంది. అక్కడికీ కరెంటు లైను రాదు; 2006 నుంచి 74 డిగ్రీల భూగర్భ జలంతోనే విద్యుత్తు తయారు చేసుకుంటున్నారు. రాళ్ల కొలనులో మెడదాకా వేడి, తల మీద జుట్టు మంచుతో బిరుసెక్కింది. గది సాదాసీదా, భోజనం ఫరవాలేదు, జనం ఎక్కువ. హాయి హాయే, కాదనను. మళ్లీ వెళ్తే మాత్రం రెండు రాత్రులు అడవి క్యాబిన్‌కే ఇస్తాను, గొడ్డలి పదును పెట్టించుకుని.