మెమ్‌టెస్ట్86 ప్లస్: కంప్యూటర్ బిగుసుకుపోతుంటే ముందుగా నడపవలసిన పరీక్ష

పని మధ్యలో కంప్యూటర్ ఉన్నట్టుండి బిగుసుకుపోయి, మౌస్ కదలక, క్యాప్స్ లాక్ నొక్కినా కీబోర్డు దీపం వెలగకపోతే చాలామంది వెంటనే విండోస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయడానికి పూనుకుంటారు. ఆ శ్రమ పడేముందు మెమ్‌టెస్ట్86 ప్లస్ నడిపి చూడమని గట్టిగా చెబుతాను. ర్యామ్‌లో (కంప్యూటర్ పనిచేస్తున్నప్పుడు వాడుకునే తాత్కాలిక మెమరీలో) లోపాలను వెతికే, ఉచితంగా దొరికే ఈ ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఆపరేటింగ్ సిస్టమ్ ప్రమేయం లేకుండా పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా బూట్ అవుతుంది కాబట్టి, ఇక్కడ బయటపడిన తప్పును విండోస్ డ్రైవర్ల మీదికి నెట్టడానికి వీలుండదు. 2022లో వచ్చిన 6.00 వెర్షన్ నుంచి యూఈఎఫ్ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చిన, కంప్యూటర్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) ఉన్న మదర్‌బోర్డుల మీద, కొత్త తరం డీడీఆర్5 ర్యామ్‌తోనూ పనిచేస్తోంది.

తప్పు దొరికినప్పుడు ర్యామ్‌లోని ఏ చిరునామాలో ఏ విలువ ఉండాలో, బదులుగా ఏది కనిపించిందో పక్కపక్కనే చూపుతుంది. అలాంటి వరుస ఒక్కటి కనిపించినా ఉపేక్షించకూడదు. అయితే ర్యామ్ పాడైందని అప్పుడే తీర్మానించడం తొందరపాటే అవుతుంది. డీడీఆర్4 తరం ర్యామ్‌కు ప్రామాణిక వోల్టేజి 1.2 వోల్టులు కాగా, 3600 వేగమని అమ్మే ర్యామ్ స్టిక్‌లు ఆ వేగాన్ని అందుకునేది బయోస్ సెట్టింగ్‌లలో ఎక్స్ఎంపీ (ర్యామ్‌ను ప్రామాణిక వేగం కంటే ఎక్కువ వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేసి, సాధారణంగా 1.35 వోల్టులు ఇచ్చినప్పుడే. కాబట్టి ఎక్స్ఎంపీ ఆపి పరీక్షను మళ్లీ నడపాలి. అప్పుడు తప్పులు మాయమైతే, ఆ వేగాన్ని ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలరో బోర్డో తట్టుకోలేకపోతుండవచ్చు. వేగం ఒక మెట్టు తగ్గిస్తే సరిపోయే సందర్భాలే ఎక్కువ. తప్పులు అలాగే ఉంటే ఒక్కొక్క స్టిక్‌నే ఉంచి, స్లాట్లు మార్చి చూడాలి. తప్పు స్టిక్ వెంట వెళ్తే లోపం స్టిక్‌ది, స్లాట్‌ను అంటిపెట్టుకుంటే బోర్డును అనుమానించాలి.

ఓపిక మాత్రం కావాలి. పరీక్షల మొదటి చుట్టును కుదించి నడుపుతుంది కనుక, అది పూర్తవగానే తెరపై పాస్ (తప్పులేమీ లేవు) అని చూసి తృప్తిపడకుండా రాత్రంతా నడవనివ్వడం మేలు.

దీనికున్న అసలు పరిమితి వేరు. పరీక్ష సాగినంతసేపూ ప్రాసెసర్ తీరిక లేకుండా పనిచేస్తుంది కనుక, కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు మాత్రమే బిగుసుకుపోయే జబ్బు దీనికి చిక్కదు. ఏఎండీ రైజెన్ ప్రాసెసర్ ఉన్న యంత్రాల్లో ఆ లక్షణం కనిపిస్తే, ముందు బయోస్‌ను అప్‌డేట్ చేసి, పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్ అనే సెట్టింగ్ ఉంటే దాన్ని టిపికల్ కరెంట్ ఐడిల్‌కు మార్చి చూడాలి.