ఆపరేషన్ బల్ల మీద పాట: మత్తు సూదికి సాటి వస్తుందా, హెడ్‌ఫోన్ మేలా స్పీకర్ మేలా?

వెన్నులో మత్తిచ్చి సిజేరియన్ చేసేటప్పుడు, చుక్కల మందుతో కంటి శుక్లం తీసేటప్పుడు మనిషి మెలకువగానే ఉంటాడు. నొప్పి తెలియదు గానీ చెవులు మాత్రం పనిచేస్తూనే ఉంటాయి. ట్రేలో కత్తెర పడ్డ చప్పుడు, రక్తం పీల్చే సక్షన్ గొట్టం గుర్రుమనడం, "రక్తం ఎక్కువ వస్తోంది, ఇంకో మాప్ (రక్తం అద్దే గుడ్డ) ఇవ్వు" అనే మాట అన్నీ వినిపిస్తాయి. డాక్టర్లకి అది రోజూ అనుకునే మాటే, బల్ల మీదున్న మనిషికి గుండె జారిపోతుంది. 1914లోనే అమెరికాలో ఇవాన్ కేన్ అనే సర్జన్ థియేటర్‌లో ఫోనోగ్రాఫ్ పెట్టించి, రోగులకి అది ఎలా పనికొచ్చిందో వైద్య పత్రికకి రాశాడు. ఇవాళ అందరి దగ్గరా ఫోనుంది. ఏ పాట, ఎవరు ఎంచుకోవాలి, ఏ పరికరంలోంచి రావాలి అన్నవి సరిగ్గా కుదిరితేనే పాట మేలు చేస్తుంది.

పాట వల్ల ఉపయోగం ఉందా అన్న సందేహం పెద్దగా మిగల్లేదు. 2015లో లాన్సెట్ పత్రికలో వచ్చిన సమీక్ష 73 ప్రయోగాల ఫలితాలను, అంటే దాదాపు 7,000 మంది రోగుల వివరాలను, కలిపి చూసింది. సంగీతం విన్నవాళ్లకి ఆపరేషన్ తర్వాత నొప్పి, ఆందోళన తగ్గాయి, నొప్పి మందుల వాడకం కూడా తగ్గింది. ఆస్పత్రిలో ఉండే రోజులు మాత్రం తగ్గలేదు. పాట సాయమే గానీ మందుకి బదులు కాదు. స్పైనల్, అంటే వెన్నులో ఇచ్చే మత్తు, సరిగ్గా ఎక్కకపోతే ఏ పాటా కాపాడదు, మందు కలపాల్సిందే.

మత్తు సూదా, పాటా?

ఇక్కడ మత్తు సూది అంటే ఆందోళన తగ్గించడానికి నరంలోకి ఇచ్చే మిడజోలం. 2019లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు దీన్ని పాటతో నేరుగా పోల్చారు. ఆపరేషన్ చేసే చోటు మొద్దుబారేలా నరాల దగ్గర మత్తు ఇచ్చే ముందు 157 మందిలో కొందరికి 1-2 మిల్లీగ్రాముల మిడజోలం ఇచ్చారు, మిగతావాళ్లకి చుట్టూ శబ్దాన్ని అణచే హెడ్‌ఫోన్‌లో ఒక నెమ్మది సంగీతం వినిపించారు. ఆందోళన రెండు జట్లలోనూ దాదాపు ఒకేలా తగ్గింది. కానీ సంతృప్తి మిడజోలం తీసుకున్నవాళ్లకే ఎక్కువ. పైగా పాట విన్నవాళ్లతో మాట్లాడటం కష్టమైందని డాక్టర్లూ, డాక్టర్ల మాట సరిగ్గా వినబడలేదని రోగులూ చెప్పారు.

పాట ఓడిపోయిందని దీని అర్థం కాదని నా ఉద్దేశం. ఆ సంగీతాన్ని రోగులు ఎంచుకోలేదు, హెడ్‌ఫోనేమో బయటి మాటని పూర్తిగా మూసేసింది. లోపం ఈ రెండింట్లోనే కనిపిస్తుంది, రెండింటినీ మనం సరిచేసుకోవచ్చు.

మిడజోలంకి దాని ఇబ్బందులు దానికున్నాయి. ఊపిరి మందగించవచ్చు కాబట్టి కనిపెట్టుకుని ఉండాలి. గురక పెట్టి ఊపిరి ఆగే జబ్బున్నవాళ్లకి, బాగా పెద్దవయసువాళ్లకి మరింత జాగ్రత్త కావాలి. అయినా సూది చూస్తేనే వణికిపోయేవాళ్లకి, బల్ల మీంచి లేచిపోదామనేంత భయం పట్టుకున్నవాళ్లకి మిడజోలమే మేలు. వాళ్లని పాటతో సరిపెట్టుకోమనడం అన్యాయం. మామూలు గాభరాకైతే ముందు పాట పెట్టి, చాలకపోతే సూది ఇవ్వడం మంచి వరస.

మీ పాటా, ఆస్పత్రి పాటా?

నెమ్మదిగా సాగేది, నిమిషానికి 60 నుంచి 80 తాళాల మధ్య ఉండేది, ఉన్నట్టుండి డప్పులు మోగనిది అయితే చాలు. ఈ హద్దుల్లో ఉన్నంతవరకు ఎంపిక రోగిదే కావాలి. వీణ, వేణువు, పాత మెలోడీ, చర్చి పాట, ముస్లింలు ప్రవక్తని స్తుతిస్తూ పాడే నాత్, ఏదైనా సరే. ఫలానా రాగం ఫలానా జబ్బుకి అని ఫోన్లలో తిరిగే పట్టికలను నమ్మి, ఎన్నడూ విననిదాన్ని థియేటర్‌లో మొదలుపెట్టొద్దు. అలవాటైన పాటకే మనసు త్వరగా లొంగుతుంది.

ఆస్పత్రి తనంతట తాను భక్తి పాటలు పెట్టడంలో ఒక చిక్కుంది. మన ఊళ్లలో వైకుంఠ రథం వెళ్తుంటే మైకులో భగవద్గీత వినిపిస్తుంది. అదే గీత ప్రీ-ఆప్ గదిలో, అంటే ఆపరేషన్‌కి ముందు కూర్చోబెట్టే చోట, వినబడితే డెబ్భై ఏళ్ల పెద్దాయనకి ఏం గుర్తొస్తుందో వేరే చెప్పక్కర్లేదు. రోజూ పొద్దున్నే గీత వినే మనిషికేమో అదే ధైర్యం. అడక్కుండా తెలిసే మార్గం లేదు.

పాటలను ముందురోజే ఫోన్లోకి దించుకోండి. ఉచిత యాప్‌లో పాటకీ పాటకీ మధ్య ప్రకటన పెద్ద గొంతుతో దూరుతుంది, కోత పడే క్షణంలో అది వస్తే రోగి ఉలిక్కిపడతాడు. గంటన్నరకి సరిపడా పాటలు వరసగా పెట్టి, ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో ఉంచి, బ్లూటూత్ ఒక్కటే ఆన్ చేయండి. పూర్తిగా చార్జ్ చేసి తీసుకెళ్లండి. చార్జర్‌కి తగిలించిన ఫోన్ నుంచి వైరు ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకోవద్దు.

హెడ్‌ఫోనా, స్పీకరా? సిజేరియన్ సంగతి

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. వాటిలో ఎక్కువ భాగం వెన్నులో మత్తిచ్చి చేసేవే. బిడ్డ బయటికి రాకముందు మిడజోలం సాధారణంగా ఇవ్వరు. అది మాయ దాటి బిడ్డకి చేరుతుంది, తల్లికి ఆ కాసేపటి జ్ఞాపకం చెరిగిపోవచ్చు. కాబట్టి పాట అక్కరకొచ్చే చోటు ఇదే.

స్పీకర్ పెడితే అది అందరికీ వినిపిస్తుంది. మాప్‌లు లెక్కపెట్టే నర్సుకి అడ్డొస్తుంది. పల్స్ ఆక్సీమీటర్ బీప్ స్వరం ఆక్సిజన్ తగ్గేకొద్దీ కిందికి దిగుతుంది, తెర వైపు చూడకుండానే మత్తు డాక్టర్ దాన్ని చెవితో పట్టుకుంటారు. ఆ బీప్‌ని పాట మింగేయకూడదు. అందుకే సిజేరియన్‌లో నా ఓటు హెడ్‌ఫోన్‌కే, అదీ ఒక్క చెవికే. శబ్దాన్ని అణచే బటన్ ఆపేసి, మామూలు గొంతుతో పిలిస్తే వినబడేంత సౌండ్ పెట్టాలి.

వెన్నులో సూది గుచ్చేటప్పుడు పాట ఆపేయాలి. "గడ్డం గుండెకి ఆనించండి, వీపు వంచండి, కదలకండి" అన్న ప్రతి మాటా వినాలి. పడుకోబెట్టాక స్పిరిట్ దూదితో చల్లదనం తెలుస్తోందా అని అడుగుతారు, అదీ అయ్యాక పాట మొదలుపెట్టొచ్చు. స్పైనల్ తర్వాత బీపీ పడిపోవడం మామూలే, వికారం రావడం చాలాసార్లు దానికి తొలి గుర్తు. "కడుపులో తిప్పుతోందా అమ్మా?" అని అడిగినప్పుడు తల్లి వెంటనే బదులివ్వాలి, రెండో చెవి తెరిచి ఉంచేది అందుకే. గర్భసంచి తెరిచేముందు పాట ఆపించండి. బిడ్డ తొలి ఏడుపు తల్లి చెవిన పడాలి. ఆ తర్వాత కుట్లకి అరగంట దాకా పడుతుంది, చాలామందికి చలీ వణుకూ గాభరా అప్పుడే. మళ్లీ పాట పెట్టాల్సిన సమయం అదే. ఈ ఆపడం, పెట్టడం ఎవరు చేస్తారో ముందే మాట్లాడుకోకపోతే ఎవరూ చేయరు.

ఫోన్‌ని జిప్ కవర్‌లో పెట్టి తల వైపు, మత్తు డాక్టర్ పక్కన ఉంచాలి. ఆస్పత్రి హెడ్‌ఫోన్ అయితే ప్రతి రోగి తర్వాత 70 శాతం ఆల్కహాల్‌తో తుడవాలి.

శుక్లం ఆపరేషన్‌లో లెక్క మారుతుంది

తల మీద బ్యాండ్ ఉండే హెడ్‌ఫోన్ ఇక్కడ పనికిరాదు. ముఖం మీద కప్పిన గుడ్డని లేపుతుంది, మైక్రోస్కోప్ కింద తల కుదురుగా ఆననివ్వదు. కంటిమీద పోసే నీళ్లు ఆ పక్క చెవి వైపు జారుతాయి. అందుకని ఆపరేషన్ చేయని కంటి పక్క చెవిలో చిన్న ఇయర్‌బడ్, లేదంటే తల దగ్గర సన్నగా మోగే స్పీకర్. "లైటు వైపే చూడండి" అనే మాట స్పష్టంగా వినబడాలి. వినికిడి యంత్రం తీసేసిన పెద్దవాళ్లకి స్పీకర్ అందదు, ఇయర్‌బడే మేలు.

ఇక్కడ హుషారు పాటలు అసలు వద్దు. కాలు తాళం వేస్తే తల కదులుతుంది, కూనిరాగం తీస్తే దవడతో పాటు కన్నూ కదులుతుంది. ఇష్టమైనా సరే, నోటికి వచ్చిన పాట కంటే మాటల్లేని వాద్యమే నయం. ఆపరేషన్ పావుగంటలో అయిపోవచ్చు గానీ ముందు బెంచీ మీద గంటల తరబడి కూర్చోవాలి, భయం పెరిగేది అక్కడే. పిలవడానికి ఇరవై, ముప్ఫై నిమిషాల ముందే పాట మొదలుపెట్టాలి.

ఎంఆర్ఐకి సొంత ఇయర్‌ఫోన్లు లోపలికి తీసుకెళ్లకూడదు, అయస్కాంతం లాగేస్తుంది. గాలి గొట్టాలతో పనిచేసే హెడ్‌సెట్ అక్కడే ఉంటుంది, మీ పాట పెట్టగలరా అని అడగండి. శబ్దం నుంచి చెవుల్ని కాపాడే ఏర్పాటు లేకుండా మాత్రం పడుకోవద్దు.

కాలిన గాయాలకి కట్టు మార్చేటప్పుడు, ముఖ్యంగా పిల్లలకి, రికార్డు కంటే పక్కన కూర్చుని పాడే మనిషి మేలు. బిడ్డ బిగుసుకుంటే పాట ఆగుతుంది, ఊపిరి తీసుకుంటే నెమ్మదిగా సాగుతుంది, రికార్డుకి ఆ వీలు లేదు. నొప్పి మందు వేసి అది పనిచేసే వేళకే కట్టు విప్పాలి. బిడ్డని రోజూ నిద్రపుచ్చే జోలపాటని మాత్రం ఇందుకు వాడొద్దు. రోజు విడిచి రోజు కట్టు మార్చే చోట ఆ పాట నొప్పితో ముడిపడిపోతే ఇంట్లో నిద్రపుచ్చడానికి ఇక పనికిరాదు. వేరే పాట ఒకటి దీనికే కేటాయించండి.

ఏం జరుగుతోందో వినబడకపోతేనే ఎక్కువ కంగారుపడే మనుషులూ ఉంటారు. వాళ్లకి పాట వద్దు. "ఇప్పుడు చల్లగా తగులుతుంది, ఇప్పుడు కాస్త ఒత్తినట్టుంటుంది" అని ఎప్పటికప్పుడు చెప్పే గొంతు కావాలి. అలాంటి రోగి హెడ్‌ఫోన్ తీసేస్తే మళ్లీ పెట్టకండి.