సుంకి ఘాటీలో మస్టాంగ్: పైలట్ స్పోర్ట్ 4ఎస్ టైర్లు 31,000 కి.మీ. తర్వాత

ముందే తేల్చి చెప్పేస్తాం. ఒడిశాలోని జయపురం, కొరాపుట్‌కూ ఆంధ్రలోని సాలూరుకూ మధ్య తిరిగే ఫోర్డ్ మస్టాంగ్ జీటీ స్పోర్ట్స్ కారుకు టైర్లు ఎంచుకునేటప్పుడు పొడి రోడ్డు మీద పట్టు ఎంత అన్నది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న. ఈ సైజులో దొరికే మంచి కంపెనీ టైరు ఏదైనా ఆ విషయంలో మన ఘాటీలకు, అంటే కొండదారులకు, కావాల్సినదానికి మించినదే. చూడాల్సినవి రెండు: రోడ్డు మీద నీళ్లు పారుతుంటే టైరు ఎలా నడుస్తుంది, గుంత అంచు తగిలితే సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఏమవుతుంది.

కారు 5 లీటర్ల వీ8 జీటీ. ముందు 255/40 ఆర్19, వెనక 275/40 ఆర్19. మొదటి అంకె టైరు వెడల్పు మి.మీ.లో, రెండోది (ప్రొఫైల్) ఆ వెడల్పులో సైడ్‌వాల్ ఎత్తు ఎంత శాతమన్నది, ఆఖరిది రిమ్ము అడ్డుకొలత అంగుళాల్లో. రిమ్ముల వెడల్పు ముందు 9 అంగుళాలు, వెనక 9.5. కారుతో వచ్చిన సెట్టు అరిగాక మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్ వేశాం. ఇప్పటికి మూడు వానాకాలాలు, 31,000 కి.మీ. అయింది. మధ్యలో వెనక జత ఒకసారి మారింది. తిరిగిన దారి ఎక్కువగా 26వ నంబరు జాతీయ రహదారి. జయపురం నుంచి కొరాపుట్, సిమిలిగుడ, పొట్టంగి మీదుగా సుంకి ఘాటీ దిగి సాలూరు, విజయనగరం. అప్పుడప్పుడు బరంపురం వైపు 16వ నంబరు రహదారి.

సైజు పక్కన ఉండే అంకె, అక్షరం గురించి కాస్త ఓపిగ్గా చదవండి. షాపుల్లో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఈ టైర్ల మీద ముందు 100వై, వెనక 105వై అని ఉంటుంది, పక్కన ఎక్స్ఎల్, అంటే ఎక్కువ బరువు మోసే రకం (ఎక్స్‌ట్రా లోడ్). 100 అంటే ఒక టైరు 800 కిలోలు, 105 అంటే 925 కిలోలు మోస్తుందని లెక్క. ఇదే సైజులో మామూలు రకం 96, 101 ఉంటాయి, అంటే 710, 825 కిలోలు. ఎక్స్ఎల్ వేశాం కదా, ఇక బరువుకు భయం లేదనుకోవద్దు. ఆ అదనపు బలం బయటికొచ్చేది ఎక్కువ గాలి పెట్టినప్పుడే. 32 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర ఎక్స్ఎల్ 100, మామూలు 96 మోసే బరువు దాదాపు ఒక్కటే. అందుకే డోర్ దగ్గర స్టిక్కర్ మీదున్న గాలి కన్నా తగ్గించడానికి ఎక్స్ఎల్ సాకు కాదు.

వై అక్షరం 300 కి.మీ. వేగానికి. డబ్ల్యూ 270, వి 240. "మన రోడ్ల మీద 300 ఎవడు పోతాడండీ, వి వేసుకోండి" అని షాపులో చెప్తారు. వేగం సంగతి నిజమే. కానీ ఆ అక్షరం వెనక ఉన్నది టైరు వేడిని తట్టుకునే కట్టుబడి కూడా. ఏప్రిల్, మే నెలల్లో సాలూరు, విజయనగరం మధ్య మధ్యాహ్నపు తారు మీద గంట సేపు నడిచే బరువైన కారుకు అది పనికొస్తుంది. అందుకే స్టిక్కర్ మీద ఉన్న అక్షరం కన్నా కిందికి దిగొద్దు.

ఇక ముందు వెనక సైజుల తేడా. 255/40 ఆర్19 చక్రం అడ్డుకొలత (వ్యాసం) 686.6 మి.మీ., 275/40 ఆర్19ది 702.6. అంటే 16 మి.మీ. తేడా కారు పుట్టుకతోనే ఉంది, బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లెక్కలన్నీ దాని మీదే నడుస్తాయి. ముందు సైజు దొరకలేదని 255/45 పెడితే ముందు చక్రం 712 అయి వెనకదాన్ని దాటిపోతుంది. ఆ పని ఎవరు చెప్పినా చేయొద్దు.

18 అంగుళాల రిమ్ములకు దిగుదామన్న ఆలోచన మాత్రం చెడ్డది కాదు. 255/45 ఆర్18 చక్రం అడ్డుకొలత 686.7 మి.మీ., అంటే ముందు చక్రం అచ్చంగా అదే ఎత్తు. 275/45 ఆర్18 వెనక 704.7 వస్తుంది, 2 మి.మీ. తేడాకు ఏమీ కాదు. సైడ్‌వాల్ మాత్రం దాదాపు 13 మి.మీ. ఎత్తు పెరుగుతుంది, గుంతల రోడ్డుకు అది పెద్ద ఊరట. అడ్డంకి ఒకటే, ముందు బ్రేకుల బ్రెంబో కాలిపర్, అంటే డిస్కును రెండు వైపులా పట్టి నొక్కే భాగం. డిస్కే 380 మి.మీ., దాని మీద ఆరు పిస్టన్ల కాలిపర్. రిమ్ము ఎక్కించి, చేత్తో తిప్పి, కాలిపర్‌కూ రిమ్ము లోపలి గోడకూ మధ్య కనీసం 3 మి.మీ. సందు చూసుకోకుండా డబ్బు ఇవ్వొద్దు.

వానలో ఈ టైరు ఎలా ఉందంటే, దాని మీద నమ్మకం పెరిగింది అక్కడే. ట్రెడ్, అంటే రోడ్డును తాకే గాళ్ల భాగం, రెండు రకాల రబ్బరుతో చేశారు. బయటి సగం పొడి రోడ్డు మలుపులకు, లోపలి సగం తడి రోడ్డుకు. సుంకి ఘాటీలో శ్రావణంలో కొండ మీంచి ఎర్రమట్టి నీళ్లు రోడ్డుకు అడ్డంగా పారుతుంటాయి, హెయిర్‌పిన్ లోపలి అంచున పలచటి బురద పేరుకుని ఉంటుంది. రెండో గేరులో ఆ మలుపు తిరిగి బయటికొస్తూ యాక్సిలరేటర్ మీద కాలు వేసినప్పుడు, కొత్త ట్రెడ్ మీద ట్రాక్షన్ కంట్రోల్ (చక్రం జారకుండా ఆపే ఏర్పాటు) దీపం ఒక్కసారి మిణుకుమని ఆగిపోయేది. వెనక ట్రెడ్ 4 మి.మీ.కి దిగాక అదే మలుపులో, అదే కాలి ఒత్తిడికి దీపం వెలుగుతూనే ఉంది, స్టీరింగును కాస్త ఎదురు తిప్పాల్సి వచ్చింది. చట్టం ఒప్పుకునే కనిష్ఠం 1.6 మి.మీ. ఈ వెడల్పు టైరుకు ఈ ఘాటీలో 1.6 దాకా ఆగడమంటే వానాకాలం మొత్తం కారును షెడ్డులో పెట్టుకోవడమే. వెనక 3.5 దగ్గర, ముందు 3 దగ్గర మార్చేయాలన్నది మేం పెట్టుకున్న హద్దు. కొత్తలో లోతు సుమారు 7.5 మి.మీ.

ఆ లోతును ఎక్కడ కొలుస్తున్నారన్నది ఇంకా ముఖ్యం. మస్టాంగ్ వెనక చక్రాలు పైభాగం కొంచెం లోపలికి వాలి ఉంటాయి, కాబట్టి మొదట అరిగేది లోపలి అంచు. ఈ టైరులో తడి రోడ్డు కోసం పెట్టిన రబ్బరు ఉన్నదీ ఆ లోపలి సగంలోనే. నిలబడి చూస్తే బయటి గాడి నిండుగా కనిపిస్తుంది, లోపల మాత్రం వానకు పనికొచ్చే భాగమే అయిపోయి ఉంటుంది. మా వెనక జత 19,000 కి.మీ. దగ్గర బయటి గాడిలో 4.6, లోపలి గాడిలో 3.1 చూపించింది. కారు కింద తల పెట్టి డెప్త్ గేజు లోపలి గాడిలో దించితేనే ఆ అంకె దొరుకుతుంది. ఆ జతను అప్పుడే తీసేశాం. తర్వాత అలైన్‌మెంటులో వెనక టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సరిచేయిస్తే అరుగుదల తేడా సగానికి తగ్గింది. కాంబర్ (చక్రం పైభాగం వాలు) కన్నా టో తప్పితేనే టైరు తొందరగా పోతుంది. ముందు చక్రాల టో మాత్రమే సరిచేసి బిల్లు రాసే చోట్లు చాలా ఉన్నాయి. నాలుగు చక్రాల కొలతల కాగితం, పనికి ముందుదీ తర్వాతదీ, చేతికి తీసుకునే కదలండి.

ముందు వెనక సైజులు వేరు కాబట్టి ముందువి వెనక్కి మార్చడం కుదరదు. ఎడమది కుడికి మార్చవచ్చు. ఈ టైరుకు తిరిగే దిశ లేదు, బయటి వైపు అని రాసి ఉన్న గోడ బయటికే ఉంటే చాలు. 8,000 కి.మీ.కి ఒకసారి అలా మార్చాం, తేడా స్వల్పమే.

సైడ్‌వాల్ సంగతికి వస్తే ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన శత్రువు ఒకటుంది. ఘాటీ ఎక్కుతూ ఆగిపోయిన లారీ చక్రం కింద పెట్టిన రాయి. లారీ బాగుపడి వెళ్లిపోతుంది, రాయి అక్కడే ఉంటుంది. మలుపు తిరగ్గానే, సరిగ్గా మీ ఎడమ చక్రం దారిలో. దామంజోడి వైపు బరువు లారీల రాకపోకలు ఎక్కువ కాబట్టి గుంతల అంచులు కూడా పదునుగా ఉంటాయి. 40 ప్రొఫైల్ టైరు అలాంటి అంచును కొట్టినప్పుడు సైడ్‌వాల్ మడతపడి, రిమ్ముకూ అంచుకూ మధ్య నలిగి లోపలి దారాలు తెగుతాయి. పైన రబ్బరుకు ఏమీ కాదు. తెగిన చోట గాలి రబ్బరును బయటికి తోసి గుడ్డులా ఉబ్బుతుంది. ఒక్కోసారి అది రెండు మూడు రోజుల తర్వాత బయటపడుతుంది, అందుకే పెద్ద దెబ్బ తగిలాక వారం పాటు రోజూ చేత్తో రెండు వైపులా తడిమి చూడాలి. లోపలి గోడను మర్చిపోవద్దు. ఉబ్బుకు మరమ్మతు లేదు. "కొన్నాళ్లు తిరుగుతుందండీ" అన్నమాట వినకండి. ఆ టైరు ఘాటీ దిగుతుండగా పేలితే ఎటు పోవాలో మీ చేతిలో ఉండదు.

మూడు వానాకాలాల్లో మాకు ఉబ్బింది ఒక్క టైరు, గంటకు 50 కి.మీ. దగ్గర గుంత అంచు తగిలి. రిమ్ము లోపలి పెదవి కూడా కొంచెం వంగింది, 90 దగ్గర స్టీరింగు వణికింది. ఈ టైరుకు రిమ్ము అంచును కాపాడే రబ్బరు పెదవి ఉంది. కాలిబాట అంచు గీసుకుంటే అది కాపాడుతుంది, గుంత దెబ్బను ఆపదు.

గాలి గురించి. సాలూరులో పగటి ఎండలో కాక, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు పట్టిస్తే, సుమారు 870 మీటర్ల ఎత్తున్న కొరాపుట్‌లో గేజు ఎంత చూపిస్తుంది? ఎత్తు వల్ల బయటి గాలి ఒత్తిడి తగ్గి గేజు 1.3 పీఎస్ఐ దాకా పెరగాలి. కానీ పైన చలి. పది డిగ్రీలు తగ్గితే ఒకటిన్నర పీఎస్ఐ పోతుంది. రెండూ దాదాపు కొట్టుకుపోతాయి. పుష్య మాసంలో మాత్రం చలిదే పైచేయి, తెల్లవారి టైర్ ప్రెషర్ దీపం వెలుగుతుంది. పంక్చర్ అని కంగారుపడకుండా ముందు నాలుగూ కొలవండి. నాలుగూ సమానంగా తగ్గితే చలి, ఒక్కటే తగ్గితే మేకు.

పంక్చరైతే ట్రెడ్ మధ్యలో, 6 మి.మీ. లోపు రంధ్రానికి మాత్రమే, టైరు విప్పి లోపలి నుంచి మష్రూమ్ ప్యాచ్ (రంధ్రంలో దూరే కాడ ఉన్న అతుకు) వేయించాలి. రోడ్డు పక్కన బయటి నుంచి దూర్చే రబ్బరు తాడు ఇల్లు చేరడానికి సరే, ఆ తర్వాత కాదు. భుజం దగ్గర రంధ్రమైతే టైరు పోయినట్టే.

ఎక్కించడం టైర్ల ఎంపికంత ముఖ్యమైన పని. మిషన్‌లో రబ్బరు చేయి సాయంతో వంచే రకం కావాలి, ఇనప లివర్లతో ఈ సైడ్‌వాల్‌ను ఎక్కిస్తే బీడు (రిమ్ములో కూర్చునే టైరు అంచు) చిరుగుతుంది. గాలి ఒత్తిడి కొలిచే సెన్సర్ వాల్వ్ పక్కనే ఉంటుంది కాబట్టి బీడు విడగొట్టే బ్లేడు అక్కడ పడకుండా మొదట చెప్పాలి. పాత తూకం ముక్కలన్నీ పీకి, జిగురు తుడిచి, కొత్తగా బ్యాలెన్స్ చేయించాలి. నట్లు 14 మి.మీ. స్టడ్డువి, బిగింపును కొలిచే టార్క్ రెంచీతో 204 న్యూటన్ మీటర్లు, నక్షత్రం వరసలో. గాలి గన్నుతో బిగిస్తే డిస్కు వంకర తిరిగే ప్రమాదముంది. 100 కి.మీ. తిరిగాక మళ్లీ రెంచీ పెట్టి చూడాలి. మొదటి 300 కి.మీ. ఘాటీలో నెమ్మది, కొత్త రబ్బరు మీద అచ్చు నుంచి వచ్చిన జారుడు పొర అరగాలి.

కొనేటప్పుడు ఓపిక కావాలి. 2020 జూన్‌లో కొత్త టైర్ల దిగుమతిని కేంద్రం పరిమితుల జాబితాలో పెట్టింది, ఈ సైజులకు ఎదురుచూపు తప్పదు. నాలుగూ కలిపి లక్ష రూపాయల పైమాటే. గోడ మీద ఐఎస్ఐ గుర్తు, తయారీ అంకెలు చూడండి. 2324 అంటే 2024లో 23వ వారం. ఆ నాలుగంకెలు ఒక్క గోడ మీదే ఉంటాయి, లోపలి వైపు పడితే కనిపించవు, కాబట్టి ఎక్కించక ముందే చదవాలి. జతలో రెండింటి తేదీలూ దగ్గరగా ఉండాలి. రెండేళ్లు గోడౌన్లో ఉన్నవి తగ్గింపు ధరకు ఇస్తామంటే మేమైతే వద్దంటాం. ముందు ఒక మోడల్, వెనక ఒక మోడల్ కలపడం కూడా అంతే. పొడి రోడ్డు మీద తెలియదు, తడిలో ఒక జత ముందు జారుతుంది.

వేరే టైర్లు చూసేవారికి బ్రిడ్జ్‌స్టోన్ పొటెన్జా స్పోర్ట్, గుడ్‌ఇయర్ ఈగల్ ఎఫ్1 ఎసిమెట్రిక్ కూడా ఇదే వర్గానివి. ట్రాక్ కోసం చేసిన కప్ రకం మాత్రం కొరాపుట్ చలి పొద్దులకు, పారే నీళ్లకు పనికిరాదు. ఇంకొకటి, కోతల తర్వాత రోడ్డు మీద చోళ్ల (రాగుల) కంకులు, గడ్డి పరిచి వాహనాలతో తొక్కిస్తారు. ఎండుగడ్డి మీద ఏ టైరైనా ఒకటే, ముందే వేగం తగ్గించి, బ్రేకు తాకకుండా దాటాలి.

ఈ టైరులో మాకు నచ్చనిది గరుకు కాంక్రీటు మీద వచ్చే హోరు. ట్రెడ్ సగమయ్యాక అది ఇంకా పెరిగింది. ప్రస్తుతం ముందు జత లోపలి గాడిలో 3.4 మి.మీ. ఉంది. జ్యేష్ఠం దాటక ముందే మళ్లీ ఇదే మోడల్‌కు ఆర్డర్ పెడుతున్నాం.