చెకుముకి తుపాకి బిగించే మేస్త్రీ కోసం మూడు రాష్ట్రాలు తిరిగాం

మా గ్యారేజీలో రెండేళ్ళుగా ఒక పొడుగాటి అట్టపెట్టె ఉండేది, మా ఆవిడ దానికి పిట్టలదొర పెట్టె అని పేరు పెట్టింది. చిన్నప్పుడు మా ఊళ్ళో కట్టె తుపాకి భుజాన వేసుకుని కోతలు కోస్తూ వచ్చే పిట్టలదొర గుర్తున్నాడు కదా, ఈయన గారూ అంతే, తుపాకి లేదు గానీ మాటలు మాత్రం ఉన్నాయి అని దెప్పడం. పెట్టెలో ఉన్నది ఫ్లింట్‌లాక్ లాంగ్‌రైఫిల్ కిట్, అంటే 1770ల్లో పెన్సిల్వేనియాలో జర్మన్ మేస్త్రీలు చేసిన రకం తుపాకి, ముక్కలుగా. 42 అంగుళాల ఎనిమిది పలకల గొట్టం, దాన్ని పొదిగే చారల మేపుల్ కట్టె, లాక్ (తాళం కాదు, చెకుముకి రాయిని కొట్టి నిప్పు పుట్టించే మర), ట్రిగ్గర్, ఇత్తడి సామాను. గొట్టం మూతి నుంచి మందు పోసి, గుడ్డముక్కలో గుండు పెట్టి కర్రతో దిగ్గొట్టి, చెకుముకి రాయి నిప్పుతో పేల్చాలి. (బ్లాక్ పౌడర్‌ని తెలుగులో ఉన్నదున్నట్టు నల్లమందు అన్నారంటే కొంప మునుగుతుంది, అది వేరే సరుకు, తుపాకిమందు అనండి.)

నేనే బిగిద్దామని ఉలి పట్టాను. గొట్టం వెనకాల తోకలా ఉండే ఇనప ముక్కని టాంగ్ అంటారు, దాన్ని కట్టెలో వెంట్రుక దూరనంత బిగుతుగా దించాలి. నేను ఒక్క ఆదివారం మధ్యాహ్నం పనిలో అక్కడ పావలా బిళ్ళ దూరేంత సందు చేసి పెట్టాను, అంతే, పెట్టె మూసేశా.

తర్వాత మేస్త్రీల వేట. ఫోన్లు చేస్తే ఒకటే జవాబు, నేను మొదలుపెట్టిందే చేస్తాను, వేరేవాళ్ళు చెయ్యి పెట్టింది ముట్టను అని. ఒకాయన ఒప్పుకున్నాడు గానీ పధ్నాలుగు నెలలు ఆగాలి, పద్దెనిమిది వందల డాలర్లు అన్నాడు, కిట్టు కొన్నదానికంటే ఎక్కువ. వాళ్ళ బాధ కూడా నిజమే, మన ఊళ్ళో టైలర్ దగ్గరికి సగం కత్తిరించి పాడుచేసిన బట్ట తీసుకెళితే ఏమంటాడు.

మేం ఉండేది ఫిలడెల్ఫియా పక్కన ఎక్స్‌టన్‌లో కాబట్టి ముందు దగ్గరవి చూశాం. నాజరెత్ దగ్గర జేకబ్స్‌బర్గ్‌లో పెన్సిల్వేనియా లాంగ్‌రైఫిల్ మ్యూజియం ఉంది, హెన్రీ కుటుంబం 1812 ప్రాంతంలో బుష్‌కిల్ వాగు పక్కన తుపాకుల ఫ్యాక్టరీ పెట్టిన చోటు, జంతువుల బొచ్చుతోళ్ళ వ్యాపారం చేసిన అమెరికన్ ఫర్ కంపెనీకి రైఫిళ్ళు ఇక్కణ్ణుంచే వెళ్ళాయి. చిన్నదే గానీ నాకు చాలా నచ్చింది, కాకపోతే రోజూ తెరవరు, మేం మొదటిసారి తాళం చూసి వెనక్కొచ్చాం, టైమింగ్స్ కనుక్కుని వెళ్ళండి. అక్కడి వాలంటీర్ ఒకాయన నా ఫోటోలు చూసి నవ్వి, ఇది ఫోటోలో తేలేది కాదు, కట్టె పట్టుకుని ఇండియానాలో ఫ్రెండ్‌షిప్ అనే ఊరికి వెళ్ళు అన్నాడు. మొత్తం తిరుగుడులో పనికొచ్చిన సలహా అదొక్కటే, మేం వినకుండా ముందు విలియమ్స్‌బర్గ్ వెళ్ళాం, పిల్లలకి సెలవులు కదా అని.

వర్జీనియాలో కలోనియల్ విలియమ్స్‌బర్గ్, అంటే 18వ శతాబ్దపు ఊరిని మళ్ళీ నిలబెట్టిన మ్యూజియం, చూడాల్సిందే, అందులో మాట లేదు. అక్కడి గన్‌షాపులో వాలెస్ గస్లర్ అనే ఆయన 1960ల్లో పాత పద్ధతిలోనే, ఇనప పట్టీని కాల్చి గొట్టంగా చుట్టడం దగ్గర్నుంచి అంతా చేత్తో రైఫిల్ చేసి, మర్చిపోయిన విద్యని మళ్ళీ నిలబెట్టాడు. ఇప్పుడున్నవాళ్ళు కూడా ఓపిగ్గా చూపిస్తారు, మా అబ్బాయి గంటసేపు కదల్లేదు. కానీ కిట్టు బిగిస్తారా అని అడగడమే తప్పు, గుడి శిల్పి దగ్గరికెళ్ళి మా ఇంటి టైల్స్ వేస్తారా అన్నట్టు ఉంది నాకే. బస మాత్రం దెబ్బ. రిచ్‌మండ్ రోడ్డులో చవగ్గా ఉందని ఒక మోటెల్ తీసుకున్నాం, దుప్పట్లు తడి వాసన, ఏసీ రాత్రంతా ట్రాక్టర్ లాగా మోత, రూమ్ మార్చమంటే నిండిపోయాయన్నారు. అక్కడ ఇంకో ముప్ఫై డాలర్లు ఎక్కువ పెట్టండి, అంతే చెప్తాను.

సెప్టెంబర్‌లో చివరికి ఫ్రెండ్‌షిప్ బయల్దేరాం. నేషనల్ మజిల్ లోడింగ్ (మూతి నుంచి మందు పోసే) రైఫిల్ అసోసియేషన్ వాళ్ళ వాల్టర్ క్లైన్ రేంజ్, అంటే తుపాకులు కాల్చే మైదానం, అక్కడే, 1933లో పుట్టిన సంఘం, ఏటా జూన్‌లో ఒకసారి సెప్టెంబర్‌లో ఒకసారి పోటీలు పెడతారు. కారులోనే వెళ్ళాం, విమానంలో తుపాకిమందు ఎక్కించనివ్వరు, వచ్చేటప్పుడు ఒకటి రెండు డబ్బాలు కొనాలని నా ఆశ. ఇంకోమాట, ఫెడరల్ చట్టంలో ఇలాంటి మూతిమందు తుపాకులు మామూలు తుపాకుల లెక్కలోకి రావు గానీ రాష్ట్రాల రూల్స్ వేరు, న్యూజెర్సీ వాళ్ళు అయితే ఫెడరల్ మాట నమ్ముకోకుండా ముందే కనుక్కోండి.

దారిలో టర్న్‌పైక్ టోల్ చూస్తే కళ్ళు తిరుగుతాయి, ఆ బాధ పోవడానికి పిట్స్‌బర్గ్ పెన్ హిల్స్‌లో వెంకటేశ్వర స్వామి గుళ్ళో ఆగాం. 1976 నాటి గుడి, కొండవాలు మీద తెల్లగా ఉంటుంది. క్యాంటీన్‌లో పులిహోర, పెరుగన్నం, ప్రయాణంలో మిగతా తిండంతా ఒక ఎత్తు ఇది ఒక ఎత్తు. డిక్కీలో తుపాకి ముక్కలు పెట్టుకుని దర్శనం ఏంటండీ అని మా ఆవిడ గొణుగుడు, విప్పి ఉంటే అది కట్టె, ఇనుమే కదా అని నా వాదన.

రాత్రికి సిన్సినాటి దగ్గర మేసన్‌లో అక్కావాళ్ళింటికి చేరాం, పొద్దున్నే బావ కూడా బండెక్కాడు. డిల్స్‌బరో దాటాక 62వ నంబర్ రోడ్డు మెలికలు మెలికలు, ఫోన్ సిగ్నల్ ఉండి ఉండి పోయేది. రేంజ్ పక్కనే లాఫరీ వాగు, ఒక పక్క జింకతోలు చొక్కాలు వేసుకుని గుడ్డ డేరాల్లో ఉండేవాళ్ళు, ఇంకోపక్క వరసగా కొట్లు, ఎదురుగా పాత సామాన్ల సంత, అన్నిటి మీదా గంధకం పొగ. దీపావళి మర్నాడు వీధి వాసన ఎలా ఉంటుంది, అది.

కట్టె భుజాన పెట్టుకుని నడుస్తుంటే ఎవరూ ఆపి అడక్కుండా లేరు. నాలుగో కొట్టు దగ్గర ఒక పెద్దాయన, డెబ్బై దాటి ఉంటాయి, మాట్లాడకుండా చెయ్యి చాపాడు. కట్టె తీసుకుని వెలుతురుకి పెట్టి చూశాడు, నా సందు మీద గోరు పెట్టి గీశాడు. తర్వాత చిన్న కిరోసిన్ దీపం వెలిగించి టాంగ్ ఇనుముని మంట మీద పట్టి మసి పట్టించాడు, అది చూడగానే నాకు మా నాయనమ్మ ఆముదం దీపం మీద పళ్ళెం బోర్లించి కాటుక పట్టడమే గుర్తొచ్చింది. మసి పట్టిన ఇనుముని కట్టెలో నొక్కి తీస్తే ఎక్కడ తగిలితే అక్కడ నల్ల మచ్చ, ఆ మచ్చ వరకే చెక్కాలి, మళ్ళీ మసి, మళ్ళీ నొక్కడం, రెండొందల సార్లైనా సరే. నేను చేసిన తప్పేంటో అప్పుడు తెలిసింది, కంటి అంచనాతో చెక్కాను.

గొట్టం మొత్తాన్ని అంగుళంలో పదహారో వంతు వెనక్కి జరిపితే సందు మూసుకుపోతుంది, నిప్పు దూరే చిల్లు ఇంకా వెయ్యలేదు కాబట్టి బతికిపోయావు అన్నాడు. గొట్టం, లాక్, ట్రిగ్గర్, చిల్లు తను చేస్తాడు, నునుపు చెయ్యడం, రంగు నేను చేసుకోవాలి, తొమ్మిది వందలు. అడ్వాన్స్ ఇవ్వబోతే వద్దన్నాడు. జూన్ పోటీలకి వచ్చి తీసుకెళ్ళు, మధ్యలో ఫోన్ చెయ్యొద్దు అని మాత్రం గట్టిగా చెప్పాడు. బావ పక్కకి లాగి, రసీదు కూడా లేకుండా ఇచ్చేస్తావేంట్రా అన్నాడు. ఇచ్చేశాను.

ఆ రాత్రి వర్సేల్స్ స్టేట్ పార్క్‌లో టెంట్ వేశాం (ఫ్రెంచి పేరే గానీ అక్కడ వెర్సేల్స్ అనే పలకాలి, నేను వెర్సాయ్ అంటే పెట్రోల్ బంకు అమ్మాయికి అర్థం కాలేదు). బాత్రూములు శుభ్రం, చెట్ల నీడ బాగుంది, పోటీల వారంలో మాత్రం ముందే బుక్ చేసుకోవాలి.

అన్నట్టు ఇప్పుడు కొత్తగా కొనేవాళ్ళకి ఈ తిప్పలు తక్కువ, ఒహాయోలో జిమ్ కిబ్లర్ వాళ్ళు సీఎన్‌సీ మిషన్ (కంప్యూటర్ నడిపే కోత మిషన్) మీద కట్టె కోసి ఇచ్చే కిట్లు చూశాను, ముక్కలు చాలావరకు వాటంతట అవే కూర్చుంటాయి. నాది పాత రకం, మేస్త్రీ చెయ్యి పడాల్సిందే.

జూన్‌లో వెళితే తుపాకి గోనెగుడ్డలో చుట్టి సిద్ధంగా ఉంది. సందు ఎక్కడుండేదో నేను వెతుక్కోవాల్సి వచ్చింది. అక్కావాళ్ళ గ్యారేజీలో తలుపులు బార్లా తీసి, గ్లవ్స్ వేసుకుని ఆక్వా ఫోర్టిస్ పూశాం, అంటే నైట్రిక్ యాసిడ్‌లో ఇనుము కరిగించిన నీళ్ళు. పూయగానే కట్టె పాచి పట్టిన గోడలా అయిపోయింది, తొమ్మిది వందలు గంగపాలు అన్నాడు బావ. హీట్ గన్ పెట్టి మెల్లగా కాలుస్తూ పోతే ఒక్కో జానా ఎర్రటి గోధుమ రంగుకి తిరిగి చారలు పైకొచ్చాయి. అక్క కాఫీ తెచ్చి కాసేపు చూసి, కట్టె మిగిలితే నాకో పప్పుగుత్తి చెయ్యరా అంది.