కర్లీ బ్రాకెట్లా, ఫ్యాక్టరీనా, క్లాసా, మ్యాపా? జావాస్క్రిప్ట్‌లో ఏది మేలు?

మా అనంతపురం, కర్నూలు కాలేజీల్లో జావా చదివి ఇటు వచ్చినోళ్లకి ఒక అలవాటు ఉంటాది, ఏం రాయాలన్నా ముందు క్లాస్ (ఆబ్జెక్ట్‌లు తయారు చేసే అచ్చు) అని కొట్టేస్తారు. జావాలో క్లాస్ లేకుండా ఆబ్జెక్ట్, అంటే పేర్లూ విలువలూ కట్టిన మూట, పుట్టదు కాబట్టి వాళ్లని అనేదానికి లేదు. జావాస్క్రిప్ట్‌లో అట్ల కాదబ్బా, రెండు కర్లీ బ్రాకెట్లు వేసి మధ్యలో పేరు, కోలన్, విలువ రాస్తే ఆబ్జెక్ట్ రెడీ. అసలు 1995లో వచ్చిన ఈ భాషకి 2015 దాకా క్లాస్ అనే సింటాక్సే లేదు, ఫంక్షన్లు, ప్రోటోటైప్‌తోనే (ఆబ్జెక్ట్‌లో లేనిది వెతికే వెనకాల ఆబ్జెక్ట్) అందరూ నెట్టుకొచ్చారు.

ఆదోని మార్కెట్ యార్డులో ఒక మండీకి యాప్ రాస్తాండామనుకోండి. లాట్ అంటే ఏముంది, నంబరు, రైతు పేరు, సరుకు పత్తా శనక్కాయలా, బరువు, రేటు. ఉత్త డేటా. సర్వర్ నుంచి జేసన్‌గా, అంటే డేటాని అక్షరాలుగా రాసి పంపే పద్ధతిలో, వస్తాది, మళ్లీ జేసన్‌గానే పోతాది. దీనికి కర్లీ బ్రాకెట్లే మేలు, నా మాట నమ్మండి. క్లాస్ పెట్టారనుకో, జేసన్ పార్స్ చేసినాక (చదివి ఆబ్జెక్ట్‌గా మార్చినాక) చేతికొచ్చేది మామూలు ఆబ్జెక్టే, మీరు కష్టపడి రాసుకున్న మెథడ్లు (ఆబ్జెక్ట్ పనులు చేసే ఫంక్షన్లు) దానికి ఉండవు, ప్రతిదాన్నీ మళ్లీ న్యూ అనే మాట పెట్టి క్లాస్ నుంచి తయారు చేసుకోవాల.

మరి క్లాస్ ఏంటికి? ఒకే రకం ఆబ్జెక్ట్‌లు వేలల్లో ఉండి, అన్నిటికీ అవే పనులు ఉంటే అప్పుడు. మెథడ్ ప్రోటోటైప్ మీద ఒక్కసారే ఉంటాది, అందరూ దాన్నే వాడుకుంటారు. ఆబ్జెక్ట్‌ని తిరిగిచ్చే మామూలు ఫంక్షన్, అదే ఫ్యాక్టరీ, దాంట్లో అయితే ప్రతి ఆబ్జెక్ట్‌కీ ఫంక్షన్ కొత్తగా తయారైతాది. పది ఇరవై ఆబ్జెక్ట్‌లకి ఆ తేడా ఎవరికీ తెలియదు, కాబట్టి చిన్న పేజీకి నేనైతే ఫ్యాక్టరీకే ఓటేస్తా. ఎందుకంటే దాంట్లో దిస్ (మెథడ్ లోపల ‘ఈ ఆబ్జెక్ట్’ అని చెప్పే మాట) గోల ఉండదు.

ఈ దిస్ ఉండాదే, క్లాస్ వాడేవాళ్లని సతాయించేది ఇదే. మొత్తం లెక్కగట్టే మెథడ్‌ని బటన్ క్లిక్‌కి నేరుగా అప్పజెప్తే లోపల దిస్ అంటే లాట్ కాదు, ఆ బటన్. బటన్‌కి బరువు యాడిది, రేటు యాడిది, రెండూ అన్‌డిఫైన్డే (విలువే లేదని), గుణిస్తే ఎన్‌ఏఎన్ (ఇది నంబరు కాదు అనే విలువ) వస్తాది, ఎర్రర్ కూడా పడదు, బిల్లు మీద అది చూసి సేటు మనల్ని చూస్తాడు. యారో ఫంక్షన్‌లో (బాణం గుర్తుతో రాసే ఫంక్షన్) చుట్టి ఇస్తే సరిపోతాది, కానీ ప్రతిచోటా గుర్తుపెట్టుకోవాల కదా.

ఇంక లాట్ నంబరు చెప్తే లాట్ దొరకాల, దానికి ఏది? చానామంది ఆబ్జెక్ట్‌లోనే నంబరు కీగా (వెతుక్కునే పేరుగా) పెట్టేస్తారు. 305 ముందు వచ్చింది, 12 తర్వాత వచ్చింది అనుకోండి, లూప్ తిప్పితే 12 ముందొస్తాది! పూర్ణసంఖ్యల్లా కనపడే కీలని ఆబ్జెక్ట్ చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చేస్తాది, మనం పెట్టిన వరస పోతాది. వేలం వచ్చిన వరసలోనే చూపించాలంటే మ్యాప్ (కీ, విలువ జతలు దాచుకునే రెడీమేడ్ డబ్బా) వాడాల్సిందే. యూజర్ టైప్ చేసిన మాటలు కీలైనా మ్యాపే మేలు, ఖాళీ ఆబ్జెక్ట్‌ని కన్‌స్ట్రక్టర్ అనే కీ అడిగి చూడండి, మీరు పెట్టకపోయినా ప్రోటోటైప్ నుంచి ఏదో ఒకటి తెచ్చిస్తాది.

మ్యాప్‌కీ మెలికలు ఉండాయి. దానికి 305 అనే నంబరు వేరు, కోట్స్‌లో పెట్టిన 305 వేరు, ఇన్‌పుట్ బాక్స్ నుంచి వచ్చేది ఎప్పుడూ స్ట్రింగే (అక్షరాల వరస) కాబట్టి మార్చకుండా అడిగితే దొరకదు. ఇంకోటి, నేరుగా జేసన్ చేస్తే ఖాళీ బ్రాకెట్లు వస్తాయి, ముందు అర్రేగా (వరస జాబితాగా) మార్చుకోవాల.

కాపీ సంగతి కూడా అడుగుతారు కాబట్టి చెప్తున్నా. మూడు చుక్కల స్ప్రెడ్ పై వరసనే కాపీ చేస్తాది, లాట్ లోపల రైతు అనే ఇంకో ఆబ్జెక్ట్ ఉంటే రెండు కాపీలకీ అదే ఒక్కటి. లోపలిదాకా కావాలంటే స్ట్రక్చర్డ్ క్లోన్ అనే ఫంక్షన్ ఉంది, ఉత్త డేటాకి బాగా పనిచేస్తాది. దానికి ఫ్యాక్టరీ ఆబ్జెక్ట్ ఇస్తే లోపల ఫంక్షన్ ఉందని ఎర్రర్ కొడతాది, క్లాస్ ఆబ్జెక్ట్ ఇస్తే మాత్రం కిక్కురుమనకుండా మెథడ్లు వదిలేసి డేటా మాత్రమే చేతిలో పెడతాది.