షాపులో రామచిలకలు కాదు, సీరియల్ పెట్టించి చూడండి

షోరూమ్‌లో ఏ టీవీ అయినా బాగానే ఉంటుంది. గోడ నిండా వరసగా బిగించి, అన్నింట్లోనూ అవే బొమ్మలు తిప్పుతుంటారు: రామచిలకలు, రంగుల పొడి, కోసిన దానిమ్మకాయ, రాత్రిపూట దుబాయ్. అవి 4కెలో తీసి, పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇచ్చిన వీడియోలు. విజయవాడ సింగ్ నగర్‌లో మా ఇంట్లో దుబాయ్ చూసేవాళ్లు లేరు. మా అమ్మ మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా కేబుల్లో సీరియళ్లు చూస్తుంది. నాకు క్రికెట్. మా అమ్మాయి ఫోన్లోంచి ఏవో వీడియోలు టీవీకి పంపిస్తుంది. నలభై ఐదు వేల లోపు 55 ఇంచుల టీవీ కోసం తిరిగినప్పుడు నేను పట్టుబట్టింది ఒక్కటే. మా ఇంట్లో ఏది నడుస్తుందో అదే షాపులో నడిపించి చూపించాలి.

నేను ఆటోనగర్‌లో లారీలకు వైరింగ్ చేస్తాను. మా పాత టీవీ 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు వరద నీళ్లలో పోయింది. వీధిలో గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లందరిదీ అదే పరిస్థితి. తర్వాత ఒక సెకండ్ హ్యాండ్ 32 ఇంచుల దాంతో నెట్టుకొచ్చాం. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 ఇంచులు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది కాబట్టి దసరాకి కదిలాం. "పది శాతం తగ్గింది సార్" అని ప్రతి షాపులోనూ చెప్తారు. పన్నుతో కలిపిన పాత రేటు మీద లెక్కేస్తే తగ్గేది 8 శాతం లోపే. యాభై వేల టీవీకి నాలుగు వేల లోపు అన్నమాట. అదీ తక్కువేం కాదు, వాల్ మౌంటూ బిగింపు ఖర్చూ అందులో వచ్చేస్తాయి.

ముందు కొలతలు. ఇంచులంటే తెర మూల నుంచి మూలకి. 55 అంటే అడ్డం నాలుగడుగులు, ఎత్తు రెండడుగుల మూడంగుళాలు. 65 అయితే అడ్డమే నాలుగడుగుల తొమ్మిదంగుళాల దాకా పోతుంది. మా హాల్లో తలుపుకీ బీరువాకీ మధ్య గోడ ఐదడుగులు. 65 పడుతుంది గానీ తలుపు తీసినప్పుడల్లా దాని అంచుకి కొట్టుకుంటుంది. కూర్చునే చోటు నుంచి గోడకి ఏడడుగుల పైన దూరం ఉంటే 55 హాయిగా ఉంటుంది. మా ఆవిడ పాత పేపర్లు అతికించి, సరిగ్గా ఆ కొలతకి కత్తిరించి గోడకి అంటించింది. టీవీ కొనేవాళ్లందరికీ ఈ పని చెప్తున్నాను, పైసా ఖర్చు లేదు. 43 చాల్లే అనుకునేవాళ్లు ఆ పేపర్ చూశాక మనసు మార్చుకుంటారు, ఎందుకంటే 43 కంటే 55లో బొమ్మ వైశాల్యం 60 శాతం పైనే ఎక్కువ.

ఇక షాపులు. బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు తిరిగాం. దసరా రద్దీలో సేల్స్ కుర్రాడు మన దగ్గర నిలబడటమే గొప్ప. ఒక చోట మాత్రం ఓపికున్న అబ్బాయి దొరికాడు.

"తమ్ముడూ, సెట్‌టాప్ బాక్స్ ఉందా?"

"ఎందుకు సార్, అన్నీ స్మార్ట్ టీవీలే కదా?"

"మా అమ్మ సీరియల్ చూడాలి. మామూలు చానల్ పెట్టు, హెచ్‌డీ వద్దు."

"మామూలు చానల్ పెడితే ఏ టీవీ అయినా ఒకేలా ఉంటది సార్."

ఒకేలా ఉండదు. మామూలు చానల్ బొమ్మలో 576 గీతలుంటాయి, 4కె తెరకి 2160 కావాలి. పిక్సెళ్లలో, అంటే తెర మీది చుక్కల్లో చెప్పాలంటే, తెర మీద ఉన్న ప్రతి ఇరవైలో ఒకటి చానల్ నుంచి వస్తుంది, మిగతా పందొమ్మిదీ టీవీయే ఊహించి నింపుకోవాలి. ఆ ఊహ ఎంత బాగుందన్న దాంట్లోనే రేట్ల తేడా సగం ఉంటుంది. ఆ అబ్బాయి ఎక్కడో లోపల నుంచి బాక్స్ తెచ్చి, దాదాపు ఒకే రేటున్న రెండు టీవీలకి మార్చి మార్చి పెట్టాడు. ఒకదాంట్లో అత్తగారి మొహం మైనం పూసినట్టు నున్నగా ఉంది, జుట్టు అంచుల్లో చీమలు పాకుతున్నాయి. రెండోదాంట్లో బొమ్మ కాస్త మెత్తగా ఉన్నా మనిషి మనిషిలా ఉంది, చీర అంచు జరీ తెలుస్తోంది. చిలకల వీడియోలో ఈ రెండింటికీ నాకు తేడా దొరకలేదు.

తర్వాత న్యూస్ చానల్ పెట్టించాను. వార్త కోసం కాదు, కింద పరిగెత్తే స్క్రోలింగ్ కోసం. తెలుగు అక్షరాల్లో ఒత్తులు చిన్నవి. తెర కదలికని సరిగ్గా పట్టుకోలేకపోతే ముందు చెదిరేవి అవే. "ప్రభుత్వం"లో త్వ కింద ఒత్తు ఆగి కనిపిస్తే ఆ టీవీలో క్రికెట్ బంతి కూడా కనిపిస్తుంది. డబ్బా మీద మోషన్ రేట్ 120 అనో 240 అనో రాసినా నమ్మక్కర్లేదు. ఈ రేంజిలో ఎక్కువ తెరలు 60 హెర్ట్జ్‌వే, అంటే సెకనుకి 60 సార్లు బొమ్మ మార్చేవే, ఆ పెద్ద అంకె కంపెనీ పెట్టుకున్న పేరు.

మూడోది, పక్కన నిలబడి చూడటం. మా హాల్లో అమ్మ దివాన్ కాట్ కిటికీ పక్కన ఒక వారగా ఉంటుంది, టీవీని ఆమె ఎప్పుడూ ఏటవాలుగానే చూస్తుంది. తెరల్లో వీఏ, ఐపీఎస్ అని రెండు రకాలు. వీఏలో నలుపు మంచి నలుపుగా వస్తుంది గానీ పక్కకి జరిగితే రంగులు వెలిసిపోతాయి. ఐపీఎస్ పక్క నుంచి చూసినా నిలబడుతుంది, కాకపోతే రాత్రి సీన్లలో నలుపు బూడిద రంగులోకి పోతుంది. ఏది ఏ రకమో డబ్బా మీద రాయరు, షాపులో అడిగితే "అన్నీ ఎల్‌ఈడీలే సార్" అంటారు. ఒకే సిరీస్‌లో సైజు మారితే ప్యానెల్ కూడా మారొచ్చు. అందుకని పక్కకెళ్లి నిలబడి మనమే చూసుకోవాలి. చీకట్లో లైట్లార్పి సినిమాలు చూసే ఇల్లయితే వీఏ తీసుకోమనే చెప్తాను. మా ఇంట్లో పగలంతా వీధి తలుపు తీసే ఉంటుంది, చూసేది అమ్మ, అదీ పక్క నుంచి. నలుపు వదులుకున్నాను.

క్రికెట్ గ్రౌండ్ ఒక్కటి చాలు తెర ఎలా ఉందో పట్టుకోవడానికి. కెమెరా బౌండరీ వైపు తిరిగేటప్పుడు ఆ పచ్చటి గడ్డి మీద కదలకుండా ఉండే మసక మచ్చలు కనిపిస్తే అవి గడ్డివి కావు, తెరవి. ఒక టీవీ అక్కడే తప్పించాను. చూసేటప్పుడు పిక్చర్ మోడ్ వివిడ్ నుంచి స్టాండర్డ్‌కో సినిమాకో మార్పించండి, ఆ మెరుపంతా సగం దిగిపోతుంది, అసలు బొమ్మ అప్పుడు బయటపడుతుంది. టీవీ ఆపించి కూడా చూడండి. నల్ల తెరలో షాపు ట్యూబ్‌లైట్లు అద్దంలోలా కనబడితే రేపు మీ కిటికీ కూడా అలాగే కనబడుతుంది.

స్టిక్కర్ల సంగతి పెద్దగా పట్టించుకోలేదు. క్యూఎల్‌ఈడీ అంటే వెనక లైటు మామూలు ఎల్‌ఈడీయే, మధ్యలో రంగులు పెంచే క్వాంటమ్ డాట్ పొర ఉంటుంది. ఓఎల్‌ఈడీలో ప్రతి పిక్సెల్ తనంతట తానే వెలుగుతుంది, ఆ రేటు మనది కాదు. వెలుగునీడల తేడా బాగా చూపించే పద్ధతిని హెచ్‌డీఆర్ అంటారు, అందులో రకాలున్నాయి. డాల్బీ విజన్ కావాలంటే సామ్‌సంగ్‌లో ఉండదు, వాళ్లది హెచ్‌డీఆర్10 ప్లస్. ఏదైనా సరే, వెలుగు తక్కువున్న తెర మీద హెచ్‌డీఆర్ బొమ్మ కన్నా స్టిక్కరే ఎక్కువ మెరుస్తుంది.

చివరికి నలభై మూడు వేలకి గూగుల్ టీవీ సాఫ్ట్‌వేర్ ఉన్న ఒక క్యూఎల్‌ఈడీ తెచ్చాం. మోడల్ పేరు రాయడం లేదు, ఏటా పేరు మార్చేస్తారు, మీరు వెళ్లేసరికి అది ఉండదు. మా అమ్మాయి వెనక లేబుల్ చదివి "నాన్నా, తిరుపతిలో చేశారంట" అంది. డిక్సన్ కంపెనీ అక్కడ పెద్ద ఫ్యాక్టరీ పెట్టి వేరే బ్రాండ్లకి కూడా టీవీలు చేసిస్తుంది. అమ్మకి ఆ ఒక్క మాటతో టీవీ నచ్చేసింది.

బిగించే రోజు చిన్న గొడవ జరిగింది. వచ్చిన కుర్రాడు తలుపు పైకమ్మీ దాకా ఎత్తులో పెడతానన్నాడు, అందరూ అలాగే పెట్టించుకుంటారట. అమ్మ అతనికి వంత పాడింది. "పైకే పెట్టించరా, మళ్లీ నీళ్లొస్తే?" ఆ భయం మా పేటలో ఎవరికీ పోలేదు, నాకూ పోలేదు. కానీ మెడ ఎత్తి రోజూ సీరియళ్లు చూస్తే నీళ్లకన్నా ముందు మెడ పోతుంది. కూర్చున్నవాళ్ల కంటికి తెర మధ్యభాగం ఎదురుగా రావాలని చెప్పి నేల నుంచి నాలుగడుగుల దగ్గర మధ్య వచ్చేలా పెట్టించాను. ప్లగ్ పాయింట్ మాత్రం పైకి మార్చాను. నాలుగు మేకులూ గట్టిగా పట్టాయో లేదో చూసుకుని, తెర మీద ఒకసారి పూర్తి తెలుపు, ఒకసారి పూర్తి నలుపు వేయించి చూశాకే అతన్ని పంపించాను. ప్యానెల్ పగిలితే వారంటీ రాదు, కాబట్టి గీత ఉంటే అప్పుడే బయటపడాలి.

స్టెబిలైజర్ కొనిపించాలని షాపు వాళ్లు చాలా తాపత్రయపడ్డారు. టీవీ వెనక 100 నుంచి 240 వోల్టులని రాసి ఉంటే ఆ మధ్య హెచ్చుతగ్గులు అదే సర్దుకుంటుంది. అసలు భయం పిడుగుది, అది కేబుల్ వైర్లోంచి కూడా వస్తుంది. ఉరుములు మొదలైతే కరెంటు ప్లగ్గూ కేబుల్ వైరూ రెండూ పీకేయాలి, స్విచ్ ఆపితే సరిపోదు. స్టెబిలైజర్‌కి బదులు, ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీని అడ్డుకునే సర్జ్ ప్రొటెక్టర్ కొని, ఎర్త్ సరిగా ఉందో లేదో చూసుకున్నాను.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఆన్ చేశాక యాప్‌లు తెరుచుకోవడానికి కాసేపు ఆగాలి, ర్యామ్ 2 జీబీయే మరి. రాత్రి సీన్లలో ఆ బూడిద రంగు నాకు కనిపిస్తూనే ఉంటుంది. స్పీకర్లు కిందికి చూస్తుంటాయి, మాటలు గోడ లోపల నుంచి వస్తున్నట్టుంటాయి. ఫ్యాన్ స్పీడు పెంచితే డైలాగులు వినపడవు. టీవీ సౌండ్‌ని బయటికి పంపే, ఈఏఆర్‌సీ అని రాసిన హెచ్‌డీఎంఐ పోర్టు ఉంది కాబట్టి సౌండ్‌బార్ ఒక్క వైరుతో తగిలించొచ్చు. అమ్మ మాత్రం సీరియల్‌కి ఈ సౌండ్ చాలంటోంది, ఆ ఖర్చు సంక్రాంతి దాటాకే.